మూసీ ఒడ్డున షికారు బాట, మూసీ కింద కూలి బతుకు

ఇందిరాపార్కు దగ్గరి ధర్నాచౌక్‌కు వచ్చిపోయిన రైతుకూలీలకు ఒక వాసన గుర్తుండే వుంటుంది. పొద్దున్నే లారీ దిగి, జెండా కర్రలు గోడకు ఆనించి, సద్దిమూట విప్పుకునే వేళకు గాలి ఇటు మళ్ళిందంటే చాలు, ఆ వాసన వచ్చి అన్నం మీద కూర్చుంటుంది. మొన్నొకసారి కూలిరేట్ల ధర్నాకు వచ్చిన ఒక ముసలమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఇదెక్కడి కంపు బిడ్డా?" అని మమ్మల్నడిగింది. ఆమెది వలిగొండ వైపు మూసీ కాలువ కింది వూరు.

"ఇది మీ వూరికి వచ్చే నీళ్ళ వాసనేనమ్మా. ఇక్కడి నాలా మూసీలో కలుస్తది. ఆ మూసీయే మీ నాటుమడిలోకి వస్తది" అన్నాం.

ఆమె నమ్మలేదు. "మా నీళ్ళు గింత కంపు కొట్టవు" అన్నది. కాసేపాగి తనే, "కొడ్తయిలే. మాకు అలవాటైంది" అన్నది.

ఈ నాలా వెంట, అది కలిసే నది వెంట ఒకసారి నడిచి చూడాలని మేము బయలుదేరడానికి ఆమె మాటే కారణం. మరొక కారణం కూడా వుంది. మూసీ ఒడ్డున నగరవాసులు హాయిగా నడవడానికి బాటలు, సైకిలు దారులు, పూలతోటలు, దీపాల వరుసలు వస్తాయని కొంతకాలంగా పాలకులు బొమ్మలు వేసి చూపిస్తున్నారు. ఆ బొమ్మల్లో పిల్లలున్నారు, కుక్కపిల్లలున్నాయి, గొడుగు కింద కాఫీ తాగేవారున్నారు. గడ్డికోసే మనిషి లేదు. నాటువేసే ఆడమనిషి లేదు.

హుస్సేన్‌సాగర్ అలుగు దగ్గర మొదలుపెట్టాం. 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌షా వలీ పర్యవేక్షణలో మూసీ వుపనది ఒకదానికి అడ్డంగా కట్టిన చెరువు ఇది. మూసీ నుంచి బల్కాపూర్ కాలువ తవ్వి దీనిని నింపేవారు. ఇప్పుడు దీనిని చెరువు అంటే నగరంలో చాలామంది నవ్వుతారు. వారికిది 'లేక్'. కాని మన పల్లెలో చెరువుకు ఏమేమి వుంటాయో దీనికీ అవే వున్నాయి. కట్ట వుంది, అలుగు వుంది, తూము వుంది. కట్టను ట్యాంక్‌బండ్ అన్నారు. అలుగు పారే వాగును సర్‌ప్లస్ నాలా అన్నారు. కట్ట కింద ఒకప్పుడు తోటలు, పొలాలు వుండేవి. వూళ్ళ పేర్లు చూడండి. బాగ్‌లింగంపల్లిలో బాగ్ అంటే తోటే కదా. చిక్కడపల్లి పేరు బురద అనే అర్థమున్న దక్కనీ మాట నుంచి వచ్చిందంటారు. దోమలగూడకు అర్థం చెప్పనక్కరలేదు. తడినేల వున్నచోట పొలమూ వుంటుంది, దోమా వుంటుంది. పొలం పోయింది, దోమ మిగిలింది.

చెరువుకు నిండుమట్టం 513.41 మీటర్లు. వానలు ముదిరి మట్టం అది దాటబోతుందనగానే నీరు కిందికి వదులుతారు, కింది బస్తీలను అప్రమత్తం చేస్తారు. మరి చెరువులోకి వచ్చే నీరెక్కడిది? కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా. నాలుగు దిక్కుల మురుగు, కూకట్‌పల్లి నాలాతో పాటు కార్ఖానాల వ్యర్థం కూడా ఇందులోకి దిగింది. 1930 ప్రాంతాల దాకా నగరానికి తాగునీరిచ్చిన చెరువు ఇదంటే ఇప్పుడెవరు నమ్ముతారు?

కట్ట మీద మాత్రం అంతా శోభగా వుంది. నడకబాటలు, విగ్రహాలు, పడవషికార్లు, నెక్లెస్‌రోడ్డు. షికారు పైన, మురుగు కింద. కట్టకు ఈ పక్కన కనిపించేది ఆ పక్కన కనిపించదు. అలుగు దాటి కవాడిగూడ, గాంధీనగర్ వైపు దిగితే నాలా రెండు పక్కలా గోడలు, గోడలకు ఆనుకుని ఇళ్ళు. ఇళ్ళ వెనక కిటికీలు మూసే వున్నాయి. ఎండాకాలంలోనూ మూసే వుంచుతారట.

ఇందిరాపార్కు కూడా ఇక్కడే. 76 ఎకరాల తోట, 1978లో తెరిచారు. పొద్దున్నా సాయంత్రం నడకకు వచ్చేవారితో నిండి వుంటుంది. నడక మంచిదే, మేమేమీ దానికి వ్యతిరేకం కాదు. కాని నడక పేరు చెప్పి ఏం చేశారో ఒకసారి గుర్తుచేసుకోవాలి. 2017లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ధర్నాచౌక్‌ను ఇక్కడ నుంచి ఎత్తేసి, ధర్నాలేవో నగరం వెలుపల చేసుకొమ్మన్నది. చుట్టుపక్కల కాలనీలవారికీ, పార్కులో నడకకు వచ్చేవారికీ ఇబ్బందిగా వున్నదనే వాదన తెచ్చారు. ఆ సంవత్సరం మే 15న వామపక్షాలు, ఇతర ప్రతిపక్షాలు, ప్రజాసంఘాలు ధర్నాచౌక్‌ను నిలుపుకోవాలని కదిలాయి. తోపులాటలు, లాఠీలు, అరెస్టులు అన్నీ జరిగాయి. 2018లో హైకోర్టు జోక్యంతో చౌక్ తిరిగి దక్కింది. నడిచేవాడి సుఖాన్ని అడిగేవాడి గొంతుకు అడ్డం పెట్టడం ఈ నాలా ఒడ్డున ఒకసారి జరిగిన పనే. మూసీ బొమ్మలు చూసినపుడు మాకది గుర్తుకు రావడంలో వింత లేదు.

గాంధీనగర్ దాటితే అశోక్‌నగర్. ఇక్కడ మన పిల్లలున్నారు. అవును, మన పిల్లలే. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం, ఆదిలాబాద్ పల్లెల నుంచి గ్రూపు పరీక్షలకు చదువుకోవడానికి వచ్చిన రైతుకూలీల బిడ్డలు. ఒక గదిలో నలుగురైదుగురు. పొద్దంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, రాత్రి నాలా పక్క గదిలో. ఒక కుర్రవాడు మాతో కొంతదూరం నడిచాడు. తండ్రి హమాలీ, తల్లి కూలికి పోతుంది. "వానాకాలమొస్తే పుస్తకాలన్నీ అటక మీద పెడ్తం అన్నా. నాలా ఎప్పుడు లేస్తదో తెల్వది" అన్నాడు. తలపైన 2023 ఆగస్టులో తెరిచిన ఉక్కు వంతెన మీద కార్లు పోతున్నాయి. ఇందిరాపార్కు నుంచి వి.ఎస్‌.టి. దాకా 2 కిలోమీటర్లకు పైబడిన ఈ వంతెనకు కార్మికనాయకుడు నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. మంచిదే. పైన ప్రయాణం తేలికైంది. కింద నాలా సంగతి నిదానంగా సాగుతున్నది.

నాలా లేవడమంటే ఏమిటో ఈ ప్రాంతం మరచిపోలేదు. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. హుస్సేన్‌సాగర్ అలుగు పొంగి దోమలగూడ, గాంధీనగర్, అశోక్‌నగర్ మొదలు అంబర్‌పేట దాకా లోతట్టు బస్తీలు మునిగాయి. తరువాత కిర్లోస్కర్ సంస్థ చేత నివేదిక రాయించారు. నాలాలను వెడల్పు చేయాలన్నది దాని సారాంశం. నివేదిక అల్మరాలోకి వెళ్ళింది. 2020 అక్టోబరులో నగరం మళ్ళీ మునిగింది. ఆ తరువాతనే నాలాకు కాంక్రీటు గోడల పనులు కదిలాయి. గోడ వస్తే ఈ పక్కవారికి నీరు రాదు, నిజమే. కాని గోడ కట్టిన నీరు మరింత వేగంగా కిందికి పోతుందని మన పొలంగట్ల మీద పెరిగిన చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. నాలా ఒడ్డున ఇళ్ళు కట్టుకున్నవారిని కబ్జాదారులంటారు. ఎవరు వీళ్ళు? మేము మాట్లాడిన పది ఇళ్ళలో ఏడిళ్ళవారు కరువుకాలంలో పల్లె విడిచి వచ్చినవారే. తాపీపని, పాచిపని, ఆటో, ఇస్త్రీబండి. భూమి వుంటే వచ్చేవారు కారు. చెరువు శిఖం మీద మేడ లేపినవానికీ, నాలా గట్టు మీద రేకుల గది వేసుకున్నవానికీ ఒకటే పేరు పెట్టడం ప్రభుత్వ కాగితాల్లో తేలిక. మా చేతి కాగితంలో మేము వారిని ఒక్క గాటన కట్టం.

నారాయణగూడ పక్కగా, నల్లకుంట మీదుగా, అంబర్‌పేట గోల్నాక దాకా నాలా పోతుంది. కొన్నిచోట్ల కనిపిస్తుంది, కొన్నిచోట్ల ఇళ్ళ మధ్య దాక్కుంటుంది. చాలాచోట్ల పక్కన నడిచే దారే లేదు. సందులు తిరుగుతూ, అడుగుతూ పోయాం. గోల్నాక దగ్గర నల్లటి నీరు నురగలు కక్కుతూ మూసీలో కలిసింది.

మూసీ చరిత్ర మన పాఠకులకు కొంత తెలిసిందే. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ గుండా, భువనగిరి, నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల గుండా సుమారు 240 కిలోమీటర్లు పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పురాణాలు చదివినవారు ముచికుంద నది అంటారు. 1908 సెప్టెంబరు 28న ఈ నది నగరాన్ని ముంచెత్తింది. వేల ప్రాణాలు పోయాయి. 15 వేలని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన చెప్పినది రెండు మాటల్లో ఇది: నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపండి, నగరంలో నది ఒడ్డును గోడలతో, తోటలతో బాగుచేయండి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను తొలగించి ఒడ్డున తోటలు వేసింది. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి ఆ వరుసలోనే లేచాయి.

అంటే నది ఒడ్డున షికారు బాట ఈనాటి కల కాదు, నూరేళ్ళ కిందటిది. కాని అప్పుడు మొదట వరద, తరువాత తోట. ముందు ప్రాణం, వెనుక సొగసు. విశ్వేశ్వరయ్య నిజాం కొలువు కోసమే పనిచేశాడు, ఆయన రైతుసంఘం మనిషి కాదు. అయినా పనుల వరుస ఆయనకు తెలుసు.

తరువాతి వారికి ఆ వరుస తలకిందులైంది. 1990ల చివర అప్పటి ప్రభుత్వం 'నందనవనం' అన్నది. నది మధ్యలో నీటికి సన్న కాలువ, రెండు పక్కలా వుద్యానాలు. దానికోసం ఒడ్డు బస్తీల పేదలను వూరి చివరకు తరలించారు. వనం రాలేదు. తరలించిన కాలనీకి మాత్రం నందనవనం అనే పేరు మిగిలింది. 2017లో మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థ పెట్టారు. 2024లో కొత్త ప్రభుత్వం ఆ పనిని పెద్దయెత్తున తలకెత్తుకుంది. నగరానికి పడమట మొదలై తూర్పున గౌరెల్లి దాకా 55 కిలోమీటర్లు. 2024-25 బడ్జెటులో 1,500 కోట్లు పెట్టారు. మొత్తం ఖర్చు లక్షన్నర కోట్లనే మాట ఆ సంవత్సరం వినిపించింది, దానిమీద వాదోపవాదాలు నడిచాయి.

2024 సెప్టెంబరు చివరివారంలో చాదర్‌ఘాట్ పక్క మూసానగర్, శంకర్‌నగర్ వంటి బస్తీలలో అధికారులు ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో 'ఆర్‌.బి. ఎక్స్' అని రాసిపోయారు. ఆర్‌.బి. అంటే నదీగర్భం, రివర్ బెడ్. ఎక్స్ అంటే మనకు తెలియనిదేముంది! కొందరికి రెండు పడకగదుల ఇళ్ళిచ్చి తరలించారు. ఇల్లు దక్కినవారున్నారు, నిజం దాచం. కాని ఇల్లొక్కటే బతుకు కాదు. చాదర్‌ఘాట్ చుట్టూ పాచిపనికి పోయే ఆడమనిషిని అక్కడినుంచి లేపితే ఆమె ఏ ఇంటి గిన్నెలు కడగాలి? బస్సు ఛార్జీ ఎవరు పెట్టుకోవాలి? కిరాయిదారు సంగతేమిటి? గోడమీద గుర్తు ఇంటికి పడుతుంది, కిరాయిదారు లెక్కలోకే రాడు. ఆ రోజుల్లో జనం రోడ్డెక్కినది ఇందుకే.

అదే అక్టోబరులో మంత్రులు, అధికారులు, పత్రికలవారు దక్షిణ కొరియాలోని సియోల్ పోయివచ్చారు. అక్కడ చాంగ్యేచాన్ అనే పాత వాగు వుంది. దానిని మూసి పైన రహదారి, ఆ పైన వంతెనరోడ్డు వేసుకున్నారు. 2003లో వాటిని పడగొట్టడం మొదలుపెట్టి 2005 నాటికి 5.8 కిలోమీటర్ల వాగును తెరిచి, పక్కన నడకబాటలు వేశారు. చూడముచ్చటగా వుంటుందట. వుండవచ్చు. పోయివచ్చినవారు చెప్పని సంగతులు రెండున్నాయి. ఆ వాగులో పారేది వాగు నీరు కాదు, ఎక్కువభాగం హాన్ నది నుంచి మోటార్లతో తోడిపోసే నీరు. రెండోది, వాగు ఒడ్డున బండ్లు పెట్టుకుని బతికిన చిల్లర వ్యాపారులను లేపి ఒక పాత ఆటల మైదానంలోకి తోలారు. కొన్నేళ్ళకు ఆ మైదానాన్నీ పడగొట్టి షోకుభవనం కట్టారు. వ్యాపారులు మళ్ళీ లేవవలసివచ్చింది. మన దేశంలో అహమ్మదాబాదు సబర్మతి ఒడ్డు సంగతీ అంతే. 2012లో తెరిచిన ఆ నడకబాట కింద వేలాది పేద కుటుంబాల గుడిసెల నేల వుంది. ఎండిన సబర్మతిలో కనిపించే నీరు నర్మద కాలువది.

ఇప్పుడు మన దగ్గర తోడిపోయబోయే నీరు ఎక్కడిదో చూడండి. 2025 సెప్టెంబరు 8న గోదావరి రెండవ, మూడవ దశల పథకానికి శంకుస్థాపన చేశారు. ఖర్చు 7,360 కోట్లు. మల్లన్నసాగర్ నుంచి 20 టి.ఎం.సి.ల నీరు తెస్తారు. ఎక్కువభాగం నగరానికి తాగునీరు, దాన్ని మేము కాదనం. 2.5 టి.ఎం.సి.లు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల ద్వారా మూసీని పారించడానికి. మల్లన్నసాగర్ అంటే ఏ నీళ్ళు? వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ వంటి వూళ్ళు మునిగిన నీళ్ళు. పొలాలకు నీళ్ళిస్తామని చెప్పి ఆ రైతుల దగ్గర, ఆ కూలీల దగ్గర వూళ్ళు తీసుకున్నారు. ఆ వూళ్ళ కూలీలకు పొలంపని పోయింది. ఎందరు నగరం చేరారో, ఎందరు ఏ నాలా గట్టున రేకులు వేసుకున్నారో లెక్క పెట్టినవారు లేరు.

గోల్నాక నుంచి కిందికి, నాగోలు, పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు నడిచాం. ఇక్కడ నది రెండు ఒడ్లా పచ్చగా వుంటుంది. దూరం నుంచి చూస్తే వరి అనుకుంటారు. అది గడ్డి, పారాగడ్డి. నగరంలోని గేదెలకు మేత. ఒకప్పుడు ఇక్కడ వరి పండేది. మురుగులోని వుప్పు పేరుకుని నేల చెడి, తాలు ఎక్కువై, రైతులు వరి మాని గడ్డి వేశారు. గడ్డి మురుగుకు వెరవదు. కోసినకొద్దీ లేస్తుంది. తెల్లవారక ముందే కూలీలు మోకాటిలోతు నల్లనీటిలో దిగి కోస్తారు. మోపులు కట్టి తల మీద పెట్టుకుంటే ఆ నీరు మెడ మీదుగా వీపు మీదికి కారుతుంది.

పాలమూరు నుంచి వచ్చిన ఒక గడ్డికూలీ కాళ్ళు చూపించాడు. చర్మం చేపపొలుసులా లేచివుంది. "బూట్లు ఇయ్యరా?" అన్నాం. నవ్వాడు. "బూటు బురదల ఇరుక్కుంటది సార్. ఇచ్చినా ఏసుకోలేం" అన్నాడు. బాట వస్తుందట కదా అన్నాం. "వస్తే గడ్డి పోతది" అన్నాడు, అంతే. గడ్డి భూమి అతనిది కాదు, గేదె అతనిది కాదు. ఆ కోతకూలి మాత్రమే అతనిది. నష్టపరిహారం పట్టాలో అతని పేరు ఏ గడిలో రాస్తారు? పట్టాదారుకు ఒక గడి వుంటుంది, కౌలుదారుకు అడిగితే ఒక గడి దొరకవచ్చు, కూలీకి గడి లేదు. ఇది మూసీ ఒక్కదాని సంగతి కాదు, ఏ ప్రాజెక్టు కింద చూసినా ఇదే.

అంబర్‌పేట దగ్గర పెద్ద మురుగుశుద్ధి కేంద్రం వుంది, రోజుకు 339 మిలియన్ లీటర్లది. నాగోలులో 172 మిలియన్ లీటర్లది. 2020 తరువాత ప్రభుత్వం చెప్పిన లెక్కల ప్రకారం నగరంలో రోజూ పుట్టే మురుగు 1,650 మిలియన్ లీటర్లు. అంటే 165 కోట్ల లీటర్లు. అప్పటికి వున్న 25 కేంద్రాలు కలిసి శుద్ధిచేసేది 772 మిలియన్ లీటర్లు, సగానికి తక్కువ. మిగిలినది అలాగే మూసీలోకి. 3,866 కోట్లతో 31 కొత్త కేంద్రాలు మంజూరు చేశారు, కొన్ని పూర్తయినాయి. ఇది మేము మెచ్చుకునే పని. అన్నీ పూర్తయి, అన్నీ రోజంతా నడిస్తే మూసీకి ఇంతకన్నా మేలు చేసే బాట ఏదీ లేదు. కాని ఇంటి మురుగు శుద్ధిచేసే యంత్రం రసాయనాలను ఏం చేస్తుంది?

పటాన్‌చెరు కథ ఇక్కడ కలుస్తుంది. పటాన్‌చెరు, బొల్లారం మందుల కార్ఖానాల విషం 1980లలో నక్కవాగులో పడి మెదక్ జిల్లా పల్లెల పొలాలను, బావులను చంపింది. అక్కడి రైతులు వీధికెక్కారు, కేసు సుప్రీంకోర్టుకు పోయింది. చివరకు కనుగొన్న వుపాయమేమిటంటే, అక్కడి వ్యర్థజలాలను కొంత శుద్ధిచేసి 18 కిలోమీటర్ల గొట్టం వేసి అంబర్‌పేటకు పంపడం! నక్కవాగు మంజీరకు పోయేది. ఇప్పుడు మూసీకి వచ్చింది. మెదక్ రైతు గొంతు నొక్కలేక నల్లగొండ రైతు గొంతులో పోశారు. జబ్బు మానలేదు, మంచం మారింది.

ఇంకా కిందికి పోతే మూసీకి అడ్డంగా కత్వలు, వాటి నుంచి తీసిన కాలువలు. పిల్లాయిపల్లి కాలువ, బునాదిగాని కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ, నిజాం నాటి ఆసిఫ్‌నహర్. మరింత కింద కేతేపల్లి మండలం సోలిపేట దగ్గర 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు, 4.46 టి.ఎం.సి.లు. దాని కింద వేల ఎకరాలు. 2019 అక్టోబరులో దాని గేటు ఒకటి కొట్టుకుపోయి నిండిన నీరంతా కళ్ళముందే పోయింది. గేటుకు పెట్టవలసిన మరమ్మతు డబ్బు షికారు బొమ్మల ఖర్చు ముందు ఎంత? ఈ ప్రశ్న అక్కడి రైతులు వేసినదే, మాది కాదు.

మూసీ నీరంటే పూర్తిగా శాపమనుకోవడం కూడా తప్పే. నగరం మురుగు రానప్పుడు ఎండాకాలం మూసీ ఇసుకపర్ర. ఇప్పుడు పన్నెండు నెలలూ పారుతుంది. ఆ పారకంతోనే భువనగిరి, పోచంపల్లి, వలిగొండ వైపు రెండు కార్లు వరి పండుతున్నది. రెండు కార్లంటే కూలీకి రెండుసార్లు నాట్లు, రెండుసార్లు కోతలు. మురుగునీటి మీద అన్నం పుడుతున్నది. చేదుమాటే గాని నిజం. కనుక మూసీని శుభ్రం చేయమంటే అర్థం దానిని ఆపమని కాదు. నగరంలో అందం కోసం నదికి అడ్డుకట్టలు వేసి నీరు నిలబెడితే, శుద్ధి అయిన నీటిని కార్ఖానాలకు, భవనాల నిర్మాణానికి అమ్ముకుంటే, కింది కాలువలకు ఎంత వస్తుంది? ఆ వాటా కాగితం మీద ఎక్కడా రాసిలేదు. పారిన నీరు పారినంతవరకే మనది. ఆయకట్టు రైతుసంఘాలు, కూలిసంఘాలు ఇప్పుడు పట్టుకోవలసిన కొస ఇది. బాట పూర్తయిన తరువాత అడిగితే, ఆ నీరు ఎప్పుడో కేటాయించేశామంటారు.

2024 నవంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి వలిగొండ మండలం సంగెం దగ్గర మూసీ వెంట పాదయాత్ర చేశారు. కింది పల్లెల రైతుల కోసమే ఈ పథకమని చెప్పారు. ఆ మాటను మేము రాసిపెట్టుకున్నాం. పథకం కొలత మాత్రం గౌరెల్లి దగ్గర ఆగుతుంది. గౌరెల్లి నుంచి సంగెం చాలా దూరం.

ధర్నాచౌక్ ముసలమ్మ వూరికి మేము సాయంత్రానికి చేరాం. ఆమె పొలం దగ్గరే వున్నది. నాటు పని. పన్నెండుమంది ఆడవారు వంగి వేస్తున్నారు, పాట లేదు, ముత్తా వేగంగా కదులుతున్నది. గట్టు మీద ఒక సీసాలో నూనె వుంది. మడిలో దిగేముందు కాళ్ళకూ చేతులకూ పట్టిస్తారు. అయినా రాత్రికి దురద, గోళ్ళ సందుల్లో పుండ్లు. మందుల ఖర్చు కూలిలోంచే. నీటిమడి నాటుకు పొడిమడికన్నా కొంత ఎక్కువ కూలి ఇవ్వాలని వారు రెండేళ్ళుగా అడుగుతున్నారు. రైతులు కూడా చిన్నరైతులే. "వడ్లు నల్లగున్నయని మిల్లోడు కోత పెడ్తడు, నేనెక్కడ తెచ్చియ్యాలె?" అని ఒక రైతు మాతో అన్నాడు. అది అబద్ధం కాదు. కాని దురద కూలిదే.

మేము నడిచిన దారంతా చెప్పాం. హుస్సేన్‌సాగర్ అలుగు, గాంధీనగర్, అశోక్‌నగర్, గోల్నాక, గడ్డిచేలు. ముసలమ్మ నడుము ఎత్తి విన్నది. మనుమడు అశోక్‌నగర్‌లోనే వుండి చదువుతున్నాడట, పోలీసు వుద్యోగానికి.

"ఆ బాట మా వూరిదాక ఏస్తరా?" అని పక్కనున్నామె అడిగింది.

"గౌరెల్లి దాకానట."

"గట్లనా. మరి నీళ్ళు?"

"నీళ్ళ సంగతి రాయలేదు."

"రాయించుండ్రి" అన్నది ముసలమ్మ. నారుకట్ట అందుకుని మళ్ళీ వంగింది. చీకటి పడేలోగా ఆ మడి పూర్తిచేయాలి.